మొదటి చిప్ప ఎవరికి

2025 జూన్ 11, బుధవారం. విశాఖపట్నం, గాజువాక.

హాజరైనవారు: నేను, తణుకులో ఉంటున్న రిటైర్డు రెవెన్యూ ఇన్‌స్పెక్టరును. నా భార్య రాజ్యలక్ష్మి. మాకు ఆతిథ్యం ఇచ్చిన మా బావమరిది వెంకట్రావు. అతను స్టీల్ ప్లాంటులో ఉద్యోగానికని మా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు.

డైరీలో ఏ రోజునైనా ఇలా మొదలుపెట్టడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నా అలవాటు. ఆ రోజు హాజరైనవారిలో ఇంకొకటి కూడా చేర్చి ఉండాల్సింది, నా సంచీలోని నవల.

ఈ ప్రయాణానికి కారణం ఆ నవలే. సెలవులకి విశాఖ వచ్చిన ఒక అమ్మాయి, ఇక్కడ స్టీల్ ప్లాంటులో పనిచేసే ఒక ఇంజనీరు, సెలవులు పూర్తయ్యేలోగా వాళ్ళ మధ్య పుట్టిన ప్రేమ. రిటైరయ్యాక శ్రద్ధగా రాశాను. రాజ్యలక్ష్మి చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఈ అబ్బాయిని నేనైతే చేసుకోనండీ" అంది.

ఆ అబ్బాయికి నమూనా నేనే.

"ఎక్కడా అబద్ధం ఆడడు, ఆలస్యంగా రాడు, కోప్పడడు. క్షమించడానికి ఆ పిల్లకి ఏమీ మిగల్చలేదు మీరు. మొదటి పేజీలో ఇద్దరూ ఎలా ఉన్నారో ఆఖరి పేజీలోనూ అలాగే ఉన్నారు. మరి ప్రేమ వాళ్ళనేం చేసినట్టు?" అని అడిగింది.

జవాబు దొరక్క రైలు టిక్కెట్లు కొన్నాను. కథ జరిగే ఊరికి వెళ్ళి, లోపాలున్న మనుషుల్ని చూసి, వివరాలు రాసుకుని రావాలని నా ఆలోచన. విశాఖ చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను గాని, బీచి గురించీ కైలాసగిరి గురించీ ఇందులో పెద్దగా ఏమీ ఉండదు. మేం అటు వెళ్ళనే లేదు.

చెరువు చేప

మొదటి రోజే భోజనం దగ్గర అదిరిపడ్డాను. సముద్రం పక్కనున్న ఊళ్ళో వెంకట్రావు ఇల్లాలు మాకు బొచ్చె చేప పులుసు పెట్టింది. ఎక్కడిదని అడిగితే ఆకివీడు చెరువుదన్నారు. అంటే మా ఊరి పక్కనుంచి ఐసులో పడుకుని మాకంటే ముందే వచ్చేసిందన్నమాట. మా దగ్గర కిలో రెండు వందల్లోపు దొరికే ఆ చేపకి ఇక్కడ మూడు వందలు పోశాడట మా బావమరిది.

"ఇప్పుడు వేట నిషేధం కదా బావగారూ. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు బోట్లు కట్టేస్తారు. పద్నాలుగుతో అయిపోతుంది. పదిహేనున తెల్లవారగానే అందరూ ఒక్కసారి సముద్రం మీదికి పోతారు. ఈలోపు వంజరం కావాలంటే కిలో పన్నెండు వందలు చెబుతున్నారు. కొంటారా మరి?" అన్నాడు.

కొనలేదు. కానీ నిషేధం మాట నాకు నచ్చింది. సముద్రానికి సెలవులు. నా కథలో సెలవులు ఇంజనీరింగు కాలేజీవి, ఇక్కడివి ఇంకా బాగున్నాయనిపించింది. ఈ సెలవుల్లో ప్రేమించి పెళ్ళి చేసుకున్నవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే, వెంకట్రావు ఆలోచించకుండానే చెప్పాడు, ఉన్నారు, మా రత్నం.

హార్బరులో

నూకరత్నం దగ్గర వెంకట్రావు వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేపలు కొంటున్నారు. ఆమె భర్త అప్పన్న సొంత మరబోటు నడుపుతాడు. మర్నాడు పొద్దున్నే ఆటోలు మారి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాం. దిగగానే వచ్చిన వాసనకి రాజ్యలక్ష్మి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని వెంటనే తీసేసింది.

బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. వాటికి కొత్త రంగులు వేస్తున్నారు. జెట్టీ పొడుగునా వలలు పరిచి మగవాళ్ళు చిరుగులు కుడుతున్నారు. ఎక్కువమంది ఒకరినొకరు బావా అని పిలుచుకుంటున్నారు, తిట్టుకునేటప్పుడు కూడా.

మమ్మల్ని ఆశ్చర్యపరిచింది రత్నం. బోటు ఆమె పేరునే ఉంది. పట్టుకొచ్చిన చేప ఏ ధరకి పోవాలో ఆమే చెబుతుంది, డబ్బు ఆమే తీసుకుంటుంది, డీజిలుకి కూడా ఆమె ఇస్తేనే. మా వైపు ఇనప్పెట్టె తాళం మగవాడి మొలతాడుకి ఉంటుంది. ఈ సంగతి రాజ్యలక్ష్మి చెబితే రత్నం నిజంగానే నివ్వెరపోయి, "మరి ఆడోళ్ళు ఏటి సేత్తారమ్మా రోజంతా?" అంది.

అప్పన్న భారీ మనిషి. మాట గట్టిగా ఉంటుంది. ఏ తుపానులో ఎవరి బోటుని తాడేసి లాక్కొచ్చాడో చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు కాదనలేదు. అతని బోటులోనే పనిచేసే సింహాచలం అనే పెద్దాయన మాత్రం మాట్లాడకుండా వల కుట్టుకుంటూ కూర్చున్నాడు. నోట్లో పళ్ళు దాదాపు లేవు. ఎవరైనా జోకు వేస్తే అందరికంటే ఆలస్యంగా నవ్వేవాడు.

నేను నవల రాస్తున్నానని, అందులో నిజమైన మనుషులు కావాలని అప్పన్నకి చెప్పాను. ఆడవాళ్ళిద్దరూ ఎండుచేపల వైపు వెళ్ళాక, నన్ను బోటు మీదికి ఎక్కించుకుని చెప్పాడు. అతను చెప్పింది ఇది.

ముప్పయ్యేళ్ళ కిందటి మాట. అతను భీమిలి వైపు నుంచి పనికోసం వచ్చిన కుర్రవాడు. అవి నిషేధం రోజులే, పెద్ద బోట్లు కట్టేసి ఉన్నాయి. తెప్పలకి నిషేధం లేదు గనక రత్నం తండ్రి చిన్న తెప్ప మీద వేటకి వెళ్ళాడు. మధ్యాహ్నం గాలి లేచింది. ముసలాయన తిరిగి రాలేదు. బోటు తీద్దాం రమ్మని సింహాచలం అప్పన్నని పిలిచాడు.

"నానెల్లనేదు బాబూ. ఆ గాలి సూసి నాకు కాళ్ళు రానేదు. ఐసు ఫేక్టరీ ఎనకాల దాక్కున్నాను."

సింహాచలం ఒక్కడే వెళ్ళాడు. సాయంత్రానికి, అప్పటికే స్పృహ తప్పిన ముసలాయన్ని వెతికి తెచ్చాడు గాని, ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి తానూ అలిసిపోయి బోటు అడుగున పడిపోయాడు. అప్పుడు అప్పన్న నీళ్ళలోకి దిగి, స్పృహ లేని ముసలాయన్ని భుజాన వేసుకుని ఒడ్డుకి నడిచొచ్చాడు. ఒడ్డున రత్నం ఒక్కతే నిలబడి ఉంది, బోటు అడుగున పడి ఉన్న సింహాచలం ఆమెకి కనబడలేదు.

"అది అలగ సూసింది బాబూ. నా వంక అలగ అంతకుముందు ఎవులూ సూడనేదు. మరి ఏటని సెప్తాను?"

ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ రోజు నుంచి ఎవరి బోటు రాకపోయినా తానే ముందు వెళ్తున్నానని, వెళ్ళకపోతే ఆమె మొహం చూడలేనని అన్నాడు. దిగేటప్పుడు, "బుక్కులో పేరు మార్చీండి" అన్నాడు. మారుస్తానన్నాను. అంతకు మించి ఆ మాటకి ఏమైనా అర్థం ఉంటుందని నాకు తట్టలేదు.

రెండు వాంగ్మూలాలు

పదమూడో తేదీ మధ్యాహ్నం రత్నం మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఒకే గది, ముందు రేకుల వసారా. గోడకి అమ్మవారి పటం, పక్కనే ఆమె తండ్రి ఫోటో. తెప్పలవాళ్ళు పట్టిన కవళ్ళ చేపలతో పులుసు పెట్టింది. మేం తీపి కలిపి చేసే పులుసుకీ దీనికీ పోలికే లేదు, కారానికి నా చెవులు వేడెక్కాయి. అప్పన్న బోటులోకి ఐసు ఎక్కించడానికి వెళ్ళాడు.

వడ్డిస్తూ రత్నం తన పెళ్ళి కథ చెప్పింది. గాలిలో, వానలో, ఎవరూ వెళ్ళని సముద్రంలోకి అప్పన్న ఒక్కడే వెళ్ళి తండ్రిని భుజం మీద వేసుకుని వచ్చాడని చెప్పింది. చెబుతుంటే ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది.

నా ఉద్యోగంలో సగం జీవితం సరిహద్దు తగాదాల విచారణలోనే గడిచింది. ఇద్దరి వాంగ్మూలాలు కలవకపోతే ఒకరు చెప్పింది రెండోవారికి వినిపించి, ఏమంటారని అడగాలి. అది పద్ధతి. ఆ పద్ధతి నాలో ఎంతగా ఇంకిపోయిందో ఆ క్షణం దాకా నాకు తెలియదు. చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని, మామూలు గొంతుతో అనేశాను.

"అలా కాదేమోనమ్మా. సముద్రంలోకి వెళ్ళి తెచ్చింది సింహాచలం అని, తాను ఒడ్డున మాత్రమే ఎత్తుకున్నానని మీ ఆయన నాతో చెప్పాడే. దీనికి మీరేమంటారు?"

గరిటె ఆగిపోయింది. రాజ్యలక్ష్మి నా వైపు చూసిన చూపు నేను ఇన్నేళ్ళ కాపురంలోనూ చూడలేదు. నేనేం అన్నానో అప్పుడు నాకు తెలిసింది.

"ఎవులు తెచ్చినారన్నారు?" అంది రత్నం.

నేను మళ్ళీ చెప్పలేకపోయాను. ఆమె మళ్ళీ అడగలేదు. మాకు అన్నం మారు వడ్డించింది, మజ్జిగ పోసింది, చేతులు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళు అన్నం మధ్యలో లేవకూడదని ఆగిందని తరవాత అర్థమైంది. మేం చెప్పులు వేసుకుంటుండగా, భర్త కంచం, లుంగీలు, ఒక దుప్పటి తెచ్చి గడప బయట పెట్టి తలుపు వేసుకుంది.

గడప బయట కంచం

దాని సంగతేమిటో వెంకట్రావు చెప్పేదాకా నాకు పూర్తిగా తెలియలేదు. కంచం బయట పెట్టిందంటే భర్తని ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టేనట.

నిషేధం అయ్యాక మొదటి వేటకి వెళ్ళేటప్పుడు బోటుకి పసుపు పూసి గంగమ్మకి పూజ చేస్తారు. అప్పన్న బోటులో ఆనవాయితీ ఏమిటంటే, బోటు ముక్కు మీద కొబ్బరికాయ రత్నమే కొట్టాలి. మొదటి చిప్ప బోటు నడిపేవాడికి ఇవ్వాలి. ఇంటావిడ రాకపోతే, ఇల్లాలు తలుపు మూసిన మనిషి వెనకాల సముద్రంలోకి వెళ్ళడానికి ఆ బోటులో పనిచేసేవాళ్ళెవరూ ఒప్పుకోరు. రెండు నెలలుగా పని లేని కుటుంబాలవి. ఐసు, డీజిలు ఎక్కించేశారు. పదిహేను పొద్దున్న అందరితో పాటు వెళ్ళకపోతే ఐసు కరిగిపోతుంది, మొదటి చేపలూ మొదటి ధరా ఎదుటివాళ్ళవి అయిపోతాయి. రత్నం రానందట.

"ఆ అమ్మాయితో మీరు అన్నదేమిటో మీకు తెలుసా?" అంది రాజ్యలక్ష్మి.

"నిజమే కదా అన్నాను."

"మీ నవల్లో ఆ ఇంజనీరు కూడా ఇలాగే మాట్లాడతాడు."



ఐసు కరుగుతోంది

పద్నాలుగో తేదీ, శనివారం. హార్బరు అంతా జాతరలా ఉంది. ఐసు దిమ్మలు మరలో పడి పొడి అవుతున్న చప్పుడుకి పక్కవాడి మాట వినబడటం లేదు. ఒక్క అప్పన్న బోటు మీదే అలికిడి లేదు. అతను ఇంజను పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తలదించుకున్నాడు. అది తిట్టడం కంటే నాకు కష్టంగా తోచింది. జరిగింది నా పొరపాటని చెప్పబోతే, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అనాలి కదా బాబూ అన్నాడు, అంతే.

సింహాచలం ఎప్పటిలాగే వల దగ్గర ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన నాకేసి వింతగా చూశాడు.

"నాకప్పటికే పెళ్ళయిపోయింది బాబూ. ఆడికి అవ్వాల గదా."

ఈ జవాబు నా నవలలో ఏ పాత్రా చెప్పగలిగేది కాదు.

అక్కణ్ణుంచి నేనూ రాజ్యలక్ష్మీ రత్నం ఇంటికి వెళ్ళాం. వసారాలో కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. కూర్చోమంది. నేను క్షమించమన్నాను. అది విననట్టే ఉంది.

"అబద్ధం ఆడినాడని కాదు బాబూ. మగోడు పెళ్ళికి ముందు సవాలచ్చ సెప్తాడు, నమ్మీసినదాన్ని నాను. సింహాచలం అన్న ఎన్నిసార్లు తిన్నాడు మా ఇంటికాడ? నడుంముక్క మా ఆయనకేసి, తోకముక్క ఆ అన్నకేసినాను. ముప్పయ్యేళ్ళు. మా నాన్నని తెచ్చినోడికి తోకముక్క. ఇదీ నాసేత సేయించినాడు."

ఈ సంగతి నా ఊహకి అందలేదు. ఆమె మోసపోయినందుకు బాధపడుతోందనుకున్నాను. ఆమె బాధ అది కాదు, కృతజ్ఞత తప్పు విస్తట్లో వడ్డించానని.

అప్పుడు గుర్తొచ్చింది. నా ఉద్యోగంలో ఒక వాంగ్మూలాన్ని సగం వినిపించి ఊరుకుంటే ఆ విచారణ చెల్లదు. అప్పన్న చెప్పినదాంట్లో నేను సగమే ఆమెకి చెప్పాను.

"ఇంకో సగం ఉందమ్మా, వింటావా?" అని అడిగాను. ఆమె చేతులు ఆగలేదు. వద్దని కూడా అనలేదు. ఐసు ఫ్యాక్టరీ వెనక దాక్కోవడం దగ్గర్నుంచి చెప్పాను. ఆమె చూసిన చూపు గురించి చెప్పాను. ఆ రోజు తరవాత ఎవరి బోటు రాకపోయినా తానే ఎందుకు ముందు వెళ్తున్నాడో, అతని మాటల్లోనే చెప్పాను.

రాజ్యలక్ష్మి మెల్లగా అడిగింది. "నిజంగా వెళ్తాడా రత్నం?"

"ఎల్లకేటమ్మా. ఎవులు పిలిసినా ఎల్లిపోతాడు. మొన్న తుపానుకి వొద్దని సొక్కా పట్టుకు లాగినాను. సొక్కా నా సేతిలో ఒగ్గీసి ఎల్లిపోనాడు."

రత్నం ఏరిన నెత్తళ్ళు రాజ్యలక్ష్మి కొంగులో పోసి, "ఇంక ఎల్లండి బాబూ" అంది. డబ్బు ఇవ్వబోతే కసిరింది. వస్తావా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. గడప బయట కంచం అలాగే ఉంది.

మర్నాడు ఉదయం

పదిహేను, ఆదివారం. తెలవారుతుండగా జెట్టీ దగ్గర ఉన్నాం. బోట్లు ఒక్కొక్కటే పసుపు పూసుకుని, డప్పులతో కదులుతున్నాయి. అప్పన్న బోటు ముక్కుకి పసుపు పూసి ఉంది. పనివాళ్ళు మాత్రం జెట్టీ మీదే నిలబడ్డారు, ఎవరూ ఎక్కలేదు. బోటు అడుగు నుంచి కరిగిన ఐసు నీళ్ళు సన్నగా కారుతున్నాయి. పక్క బోటువాడు వెళ్తూ వెళ్తూ, "ఏటి బావా, నీ ఇల్లు ఇంకా నెగనేదా?" అని, ఇంటావిడ లేవలేదా అన్నట్టు, ఎగతాళిగా అరిచాడు. ఎప్పుడూ మాటకి మాట తగిలించే అప్పన్న కట్టిన తాడునే మళ్ళీ కట్టుకుంటున్నాడు.

రత్నం వచ్చింది. తల స్నానం చేసి, ఎర్ర చీర కట్టుకుని, చేతిలో పళ్ళెంతో వచ్చింది. భర్త వైపు చూడలేదు. హారతి ఇచ్చి, ఒక్క దెబ్బకి కాయ కొట్టింది. అప్పన్న ఆనవాయితీ ప్రకారం ముందుకొచ్చి రెండు చేతులూ చాపాడు.

ఆమె అతని పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి, అందరి వెనకాల ఉన్న సింహాచలం ముందు ఆగింది. మొదటి చిప్ప ఆయన చేతిలో పెట్టి, వంగి పాదాలకి దణ్ణం పెట్టింది.

జెట్టీ మీద డప్పు ఆగిపోయింది. ఇది ఇక్కడ ఎవరూ ఎప్పుడూ చూడని సంగతని వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తోంది. ఎవరో ఇదేటని గొణిగారు.

"ఇదేటో ఆయన్నే సెప్పమనండి" అంది రత్నం, భర్తని చూపించకుండానే.

అప్పన్న చాపిన చేతులు దించాడు. అంత గట్టి గొంతు మనిషి, దగ్గరున్నవాళ్ళకి మాత్రమే వినబడేలా మొదలుపెట్టాడు. రత్నం కదలకుండా నిలబడింది. మళ్ళీ మొదటినుంచి, జెట్టీ అంతా వినేలా చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీ వెనకాల దాక్కున్నానన్న మాట కూడా వదల్లేదు. నా డైరీలో ఉన్నదానికీ అతను చెప్పినదానికీ ఎక్కడా తేడా లేదు.

సింహాచలం చేతిలోని చిప్పని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అప్పుడే ఇచ్చుంటే తినీవోణ్ణమ్మా. ఇప్పుడు నాకు పళ్ళేవీ?"

ముందు రత్నం నవ్వింది. తరవాత అందరూ నవ్వారు. ఈసారి సింహాచలం కూడా వాళ్ళతో పాటే నవ్వాడు. పనివాళ్ళు ఒకరి తరవాత ఒకరు బోటు ఎక్కారు. అందరూ ఎక్కాక, రత్నం రెండో చిప్ప అప్పన్న చేతిలో పెట్టింది.

"తొరగా రా. నీతో నాకింకా అవ్వనేదు" అంది.

ఇంజను పొగ వదిలింది. బోటు జెట్టీకి దూరంగా జరిగి హార్బరు పక్కనున్న కొండ వైపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు మేమూ వెంట వెళ్ళాం. గడప బయట ఉన్న కంచం తీసి, కడిగి, లోపల గోడ పక్కన బోర్లించింది.